స్కోప్ మౌంటు మీద ఎర్ర గీత

సరోజమ్మ ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను సిడ్నీలో బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉన్నాను. ఇల్లు అమ్మేశామనీ, వెనక షెడ్డు ఖాళీ చేయాలనీ, అంకుల్ సామాన్లలో నాకు పనికొచ్చేవేమైనా ఉంటే వచ్చి తీసుకుపొమ్మనీ చెప్పింది. "నువ్వు రాకపోతే అన్నీ చెత్తలో ఎత్తి పారేస్తారప్పా. ఆయన చేతి పనిముట్లు. నాకు మనసొప్పడం ల్యా," అంది. నారాయణప్ప అంకుల్ పోయి అప్పటికి ఎనిమిది నెలలు. అంత్యక్రియలకు మెల్‌బోర్న్ వెళ్ళాను గానీ అందరికంటే వెనక నిలబడి, విమానానికి వేళయిందని చెప్పి భోజనాలకు ముందే బయటపడ్డాను. ఎయిర్‌పోర్టులో ఇంకా నాలుగు గంటలు ఊరికే కూర్చున్నాను. ఆంటీ ఎదురుగా కూర్చుని అన్నం తినడం నాకు పద్దెనిమిదేళ్ళుగా కష్టం. ఎందుకో ఆమెకు తెలియదు. చెప్పాలనుకుంటే చెప్పగలిగిన మనిషి పోయాడు. ఇక మిగిలింది నేనే.

నేను ఆ ఇంటికి మొదటిసారి వెళ్ళింది చదువుకోవడానికి ఆస్ట్రేలియా వచ్చిన కొత్తలో. మాది తెనాలి దగ్గర ఊరు. బీటెక్ మెకానికల్ చేసి ఇక్కడ మాస్టర్స్‌లో చేరాను. వాళ్ళుండేది మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో. అది అప్పటికి ఇప్పటి టార్నీట్ కాదు. వాళ్ళ వీధి అయిపోగానే కంచె, కంచె అవతల ఎండిన గడ్డి, గాలి. రైల్వే స్టేషన్ లేదు. యూనికి, అంటే యూనివర్సిటీకి, పోవాలంటే బస్సు పట్టుకుని పక్క ఊరి స్టేషన్ చేరాలి. తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళ వెనక గదిలో నేను అద్దెకు దిగాను. పొద్దున లేచేసరికి వంటింట్లోంచి బొరుగుల ఉగ్గాని తాలింపు వాసన, షెడ్డులోంచి స్పిరిట్ వాసన, రెండూ కలిసి వరండాలో ఒక మూడో వాసనగా నిలిచి ఉండేవి. తుపాకుల పని చేసి అంకుల్ చేతులు తుడుచుకునే తువ్వాలు వేరు. దాన్ని పొరపాటున ముట్టుకుంటే ఆంటీ నన్నూ తన కూతుర్నీ సబ్బుతో చేతులు కడుక్కోమనేది. ఆదివారాలు అంకుల్‌కు ఒక పద్ధతి ఉండేది. కాఫీ తాగి, చిన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. కుక్కర్ పిడి, బాణలి పిడి, అల్మరా తలుపులు, చివరికి ఆంటీ కళ్ళజోడు, అన్నిటికీ ఒకసారి బిగువు చూసేవాడు. "ఈయనకు బిగించేకి నా నోరొక్కటే దొరకల్యా," అనేది ఆంటీ. "దానికి స్క్రూ యాడుందో కనపడల్యా," అనేవాడాయన, తల ఎత్తకుండానే.

ఆయనది అనంతపురం వైపు. ఐటీఐ చేసి గుంతకల్లు డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేసి, ఆ పని చేతిలో పెట్టుకుని ఈ దేశం వచ్చాడు. చాలా ఏళ్ళు బస్సుల బాడీలు కట్టే వర్క్‌షాపులో ఉన్నాడు. అది మూతపడ్డాక, తుపాకుల దుకాణం నడిపే కెన్ అనే అతను ఈయన చేతి నాణ్యం గురించి ఎవరి ద్వారానో విని పిలిచాడు. వేట రైఫిళ్ళకు స్కోపులు, అంటే గురి చూసే దుర్భిణి అద్దాలు, బిగించడం ఆయన పని. స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే ఇనుప సరంజామాను మౌంటు అంటారు: కింద ఒక బేస్, దాని మీద స్కోపును చుట్టి పట్టుకునే రెండు రింగులు. అంకుల్ జీవితంలో ఒక్క జంతువును కూడా కాల్చలేదు. పరీక్ష కోసం కాగితం మీద కాల్చడమే. అయినా విక్టోరియా కొండల్లో సాంబార్ జింకల వేటకు పోయేవాళ్ళు, ఉత్తరాన అడవి దున్నల వేటకు పోయేవాళ్ళు, ఆయన బిగించిన మౌంటు కావాలని అడిగి మరీ వచ్చేవారు.

వాళ్ళడిగేది నిజానికి ఒక ఎర్ర గీతను. అంకుల్ పద్ధతి ఇది. స్క్రూలన్నిటినీ స్పిరిట్‌లో ముంచి ఫ్యాక్టరీ నూనె పూర్తిగా పోగొట్టాలి. ఆరనివ్వాలి. సరిపడా బిగువు రాగానే టక్కుమని జారే స్క్రూడ్రైవర్‌తో, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించాలి. అక్కడితో వదిలేసి ఇంటికి పోవాలి. మర్నాడు మళ్ళీ బిగించాలి. ఇనుము కూడా ఒక రాత్రి సర్దుకుంటుందని, మొదటి రోజు గట్టిగా ఉన్నదల్లా రెండో రోజు కాస్త కదులుతుందని ఆయన చెప్పేవాడు. రెండోసారి బిగించాకే స్క్రూ తల మీదినుంచి రింగు మీదికి సన్నగా ఎర్రటి గోళ్ళరంగుతో ఒక గీత. స్క్రూ వెంట్రుకవాసి తిరిగినా గీత విరుగుతుంది, అడవిలో ఉన్న మనిషికి తెలుస్తుంది. ఆంటీ గోళ్ళరంగు వాడేది కాదు. అంకులే కెమిస్ట్ షాపుకెళ్ళి కొనేవాడు. "మీ ఆవిడకు ఎప్పుడూ ఇదే ఎరుపా, వేరేది ట్రై చేయరా?" అని కౌంటర్లో అమ్మాయి అడిగిందని ఇంటికొచ్చి చెబితే ఆంటీ ఆ వారమంతా నవ్వింది.

నన్ను ఆ దుకాణంలో పెట్టించింది ఆయనే. పర్మనెంట్ రెసిడెన్సీకి దరఖాస్తు చేయాలంటే నా చదువుకు దగ్గరి పని ఇన్ని గంటలు చేసినట్టు యజమాని లెటర్ కావాలి. తెలిసిన కుర్రాళ్ళలో సగం మంది ఆ లెటర్ కోసమే ఎవరెవరి గరాజుల్లోనో పడి ఉండేవారు. నాకు అది తేలిగ్గా దొరికింది. దొరికినందుకు కృతజ్ఞత ఉండాలి కదా. నాలో ఉన్నది వేరు. పగలు యూనిలో మెటల్ ఫెటీగ్, అంటే లోహాల అలసట మీద పరీక్షలు రాసి, మధ్యాహ్నం ఒక ఐటీఐ ఫిట్టర్ పక్కన నిలబడి స్క్రూలు కడగడం నాకు చిన్నతనంగా తోచేది. మా ఊళ్ళో బీటెక్‌కూ ఐటీఐకీ మధ్య ఎంత దూరం ఉంటుందో నాకు తెలుసు. ఆ దూరాన్ని సముద్రం దాటించి తెచ్చుకున్నాను. పైకి అంకుల్, అంకుల్ అనేవాణ్ణి. లోపల మాత్రం ఆయన చెప్పేది ముసలివాళ్ళ చాదస్తంగా లెక్కేసుకునేవాణ్ణి.

ఆ సంవత్సరం డగ్ అనే మనిషి పెద్ద క్యాలిబర్ రైఫిల్ పట్టుకుని వచ్చాడు. గొర్రెల ఫారం కొడుకులకు అప్పజెప్పి, డార్విన్ వైపు దున్నల వేటకు బయల్దేరుతున్నాడు. చూపు తగ్గింది కాబట్టి స్కోప్ తప్పదు. చేతిలో తేలికపాటి అల్యూమినియం మౌంటు. "నా జింకల రైఫిల్ మీద పదేళ్ళుగా ఇలాంటిదే ఉంది, మేట్. చెక్కు చెదరలేదు," అన్నాడు. అంకుల్ అరలోంచి ఒక ఉక్కు మౌంటు తీసి, డగ్‌ను కళ్ళు మూసుకోమని, ఒక్కో అరచేతిలో ఒక్కోటి పెట్టాడు. "ఇది మీ జింకలకు. ఇది దున్నకు," అన్నాడు తన పొట్టి పొట్టి ఇంగ్లీషులో. "మీ భుజం నొచ్చేటంత తన్ను తన్నే రైఫిల్ ఇది. ఆ తన్ను దీనికీ తగులుతుంది." డగ్ కళ్ళు మూసుకునే నవ్వాడు. "నా పెళ్ళాం కూడా నాకింత జాగ్రత్త చెప్పదు, నారీ." అందరూ ఆయన్ని నారీ అనేవారు. ఆ అరలో ఉన్నది డగ్ రైఫిల్‌కు సరిపడే కొలత కాదు కాబట్టి క్వీన్స్‌లాండ్ నుంచి ఉక్కు మౌంటు తెప్పిస్తామని, వేటకు పోయేముందు బిగించి ఇస్తామని మాట ఇచ్చాడు. రైఫిల్‌నూ అల్యూమినియం మౌంటునూ దుకాణంలోనే వదిలి వెళ్ళాడు డగ్.

ఆ సాయంత్రం కారులో ఇంటికొస్తూ అంకుల్ నాకు విడమరిచి చెప్పాడు. "బస్సు తటాలున కదిలితే నిలబడినోడు యెనక్కి పడతాడు, చూసింటావే. స్కోపు గూడా అంతే. రైఫిలు యెనక్కి పోతాది, స్కోపు ఉన్నచోటే ఉంటానంటాది. బస్సుకేమీ గాదు, మనిషికేమీ గాదు. మధ్యలో పట్టుకున్న కమ్మీ ఉండాదే, బాధంతా దానికి." బేస్ ఒకే ముక్కగా ఉండాలని, దాని అడుగున రైఫిల్ గాడిలో కూర్చునే పన్నొకటి ఉండాలని, దెబ్బ ఆ పన్ను తినాలి గానీ స్క్రూలు తినకూడదని చెప్పాడు. "స్క్రూ పని పట్టుకునేది. దెబ్బ తినేది దాని పని గాదు. ఒక దెబ్బకు ఆగుతాది. రెండో దెబ్బకు, పదో దెబ్బకు? కొంచిం కొంచింగా అలిసిపోతాదప్పా." నేను ఊఁ కొడుతూ ఫోన్‌లో మెసేజ్ చూసుకుంటున్నాను. లోహం అలసట గురించి నాకు ఈయన చెప్పేదేమిటి అనుకున్నట్టు కూడా గుర్తు.

డగ్ వచ్చి రైఫిల్ తీసుకువెళ్ళాల్సిన వారమే ఆంటీకి పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ పడింది. అంకుల్ గురువారం, శుక్రవారం సెలవు పెట్టి హాస్పిటల్లో ఉన్నాడు. గురువారం వస్తుందన్న ఉక్కు మౌంటు రాలేదు. శనివారం పొద్దున డగ్ విమానం. "రేపు మధ్యాహ్నానికి రైఫిల్ రెడీగా ఉండాలి. నారీకి ఫోన్ చేసి కనుక్కో, ఏదో ఒకటి చెయ్యి, మేట్," అని కెన్ లంచ్‌కు వెళ్ళిపోయాడు. నేను ఫోన్ చేయలేదు. హాస్పిటల్లో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను; అది నిజం కాదు. ఆయన వద్దంటాడని తెలుసు. కౌంటర్ వెనక కూర్చుని ఒక తెల్ల కాగితం మీద లెక్క వేశాను. బుల్లెట్ బరువు, వేగం, రైఫిల్ వెనక్కి వచ్చే బలం, స్క్రూలు తెగకుండా ఆపగలిగే బలం. డగ్ వదిలిపోయిన అల్యూమినియం మౌంటే సరిపోతుందని తేలింది, అదీ కాస్త మిగులుతో. ఆ మిగులు చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. శుక్రవారం పొద్దున బిగించాను. మర్నాడు మళ్ళీ బిగించడానికి మర్నాడు లేదు. సొరుగులోంచి గోళ్ళరంగు తీసి ప్రతి స్క్రూ మీదా గీత పెట్టాను. అంకుల్ గీతకంటే నా గీత తిన్నగా వచ్చింది. బిగించాక చూస్తే అల్యూమినియందీ ఉక్కుదీ ఒకే నలుపు. డగ్ వచ్చి నల్లగా మెరుస్తున్న మౌంటును చూసి, ఎర్ర గీతలు చూసి, "ఇదేనా నారీ చెప్పింది?" అన్నాడు. "ఆయన చెప్పినట్టే చేశాం," అన్నాను.

నెల దాటాక డగ్ తిరిగొచ్చాడు. రైఫిల్ పెట్టెను కౌంటర్ మీద పెట్టి, కేకలు వేయకుండా, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. క్యాంపులో గురి సరిచూసుకున్నాడు. బాగానే ఉంది. రెండు రోజులు రోజూ కాస్త కాల్చాడు. మూడో రోజు దున్న ఎదురుపడింది. గురి గుండె మీద పెట్టాడు. గుండు కడుపులో దిగింది. స్కోపు అప్పటికే పక్కకు జరిగి ఉంది. గాయపడ్డ దున్నను వదిలేసి రాకూడదు కాబట్టి గైడు దాని వెంట చిత్తడి పొదల్లోకి వెళ్ళాడు. అది అతని మీదికి వచ్చింది. తుంటి విరిగింది. బతికాడు గానీ ఇక ఆ పని చేయలేడు. డగ్ చెబుతున్నంతసేపూ అంకుల్ రైఫిల్‌ను చేతిలోకి తీసుకుని బరువు చూస్తున్నాడు. జేబులోంచి చిన్న ఆకురాయి తీసి బేస్ అడుగు అంచున ఒక్కసారి గీశాడు. నలుపు కింద తెల్లగా మెరిసింది. ఉక్కు అలా మెరవదు. ఎక్కడా విరగని, తనవాటికంటే తిన్నగా ఉన్న ఎర్ర గీతల వైపు చాలాసేపు చూశాడు. తరువాత నావైపు ఒక్కసారి. "గీత నాది. పని నాది," అన్నాడు డగ్‌తో.

ఆ శుక్రవారం షాపులో ఎవరున్నారో కెన్‌కు తెలియకపోవడం ఏమిటి. కానీ ఒక పెద్దాయన తనంతట తాను మోసుకున్న తప్పును కాదనాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. నాకూ కనిపించలేదు. అంకుల్ ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. కారులో చాలా దూరం వచ్చాక ఒక సిగ్నల్ దగ్గర నేను "అంకుల్..." అన్నాను. "నీ లెటర్ ఎప్పుడిస్తానన్న్యాడు కెన్ను?" అని అడిగాడు. మూడు నెలల్లో అన్నాను. "అంతవరకు నోరు మూసుకోని పని నేర్చుకో," అన్నాడు. అంతే. ఆయన నాకిచ్చిన గడువు మూడు నెలలు. నేను పద్దెనిమిదేళ్ళు వాడుకున్నాను.

ఆంటీ దాన్ని తన లెక్కలో వేసుకుంది. ఆపరేషన్ కుట్లు ఇంకా పూర్తిగా మానని మనిషి, కంచంలో సంగటి ముద్ద పెడుతూ అనేది: "నా బెంగతోనే ఈయన ఆ పని చెడగొట్టుకున్న్యాడు. ఆ రాళ్ళేవో ఇంకో నెల ఆగింటే సరిపాయ గదా." అంకుల్ తల వంచుకుని తినేవాడు. నేనూ తల వంచుకుని తినేవాణ్ణి. ఇంటికొచ్చిన ప్రతి వాళ్ళకూ అదే చెప్పేది, నవ్వుతూ మొదలుపెట్టి నవ్వు లేకుండా ముగించేది. ఆ తర్వాత ఆయన ఎక్కడా పనికి పోలేదు. ఎవరూ పిలవలేదు. లెటర్ చేతికొచ్చిన వారంలోనే నేను సిడ్నీలో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాను. పండగలకు ఫోన్ చేసేవాణ్ణి. ఆయన ఎప్పుడూ ఒకే మాట అడిగేవాడు: "పని ఎట్లుంది?"

ఇప్పుడు నా పని ఇతరుల బిగింపులు చూడటం. రైలు పెట్టెల మరమ్మతు చేసే చోట ఇంజనీర్లకు పైవాణ్ణి. ప్రతి బోల్టుకూ ట్యాబ్లెట్‌లో ఒక గడి ఉంటుంది, పని చేసినవాళ్ళు దానిలో టిక్ పెడతారు. సాయంత్రానికి అన్ని గడులూ పచ్చగా నిండి వస్తాయి. కుర్రాళ్ళు నన్ను అనుమానపు మనిషి అంటారని తెలుసు. మౌంట్ల సంగతులన్నీ ఇప్పుడు ఫోన్‌లో వీడియోలుగా దొరుకుతాయి. ఏ రైఫిల్ ఎంత తన్నుతుందో, దానికి ఎంత బిగువు కావాలో ఎవరైనా చెప్పగలరు. ఆ రోజుల్లో తెలుసుకోవడానికి నాకున్న దారి ఒకే ఒక మనిషి, ఆయన రోజూ నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. తెలియకపోవడం నా తప్పు కాదని చెప్పుకోవడానికి నాకు ఆ సాకు కూడా లేదు.

ఆంటీ పిలుపు మీద టార్నీట్ వెళ్ళి షెడ్డు ఖాళీ చేస్తుంటే, పైఅరలో, అన్నిటికంటే లోపల, బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. మూత తీస్తే ఆ అల్యూమినియం మౌంటు. అడుగు అంచున ఆకురాయి గీత. ఎండి గడ్డకట్టిన గోళ్ళరంగు సీసా. నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం. విప్పకముందే అది ఏమిటో తెలిసింది. నా లెక్క, నా చక్కటి అంకెలు. దాని పక్కన పెన్సిల్‌తో, మొద్దుగా, తెలుగులో ఆయన రాత. ఒకచోట "స్కోపు బరువు వేసుకోలేదు" అని ఉంది. నా మిగులు దగ్గర "ఇది ఒక దెబ్బకు" అని. అన్నిటికంటే కింద, రెండుసార్లు చెరిపి రాసినట్టున్న ఒక వాక్యం: "ఈ సంగతి వానికి నేను సరిగా చెప్పలేదు." ఆయన చెప్పాడు. బస్సు గురించి చెప్పాడు, కమ్మీ గురించి చెప్పాడు, పదో దెబ్బ గురించి చెప్పాడు. నేనే వినలేదు. నా తప్పు ఎక్కడుందో వెతుకుతూ ఆయన తన దగ్గరికి వెళ్ళి ఆగాడు.

కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఆంటీ పప్పుల డబ్బాలు అట్టపెట్టెలో సర్దుతోంది. నిలబడే చెప్పాను, మొదటినుంచి చివరిదాకా, శుక్రవారం, గీత, నేను డగ్‌తో అన్న మాట, అన్నీ. ఆమె ఒక డబ్బా చేతిలో పట్టుకుని వింది.

"అయితే నా ఆపరేషన్ వల్ల గాదా?" అంది చివరికి.

"కాదాంటీ."

"ఆయనకు తెలుసా నువ్వే అని?"

"ఆ రోజే తెలుసు."

"నేనట్ల అంటాంటే రోజూ వినుకుంటా తిన్న్యాడు." డబ్బా కింద పెట్టింది. "నువ్వూ తింటివి."

అవునన్నాను. ఆమె డబ్బాల వైపు తిరిగి మళ్ళీ సర్దసాగింది. తరువాత, వెనక్కి చూడకుండానే, "కొత్త యూనిట్లో బాత్రూముకు కమ్మీ బిగించేదుంది. పట్టుకోని లేచేకి. వస్తావా?" అంది.

ఆమె మారబోయే చిన్న ఇల్లు, ఆ యూనిట్, పక్కనే ట్రుగనీనాలో. కూతురు ఆన్‌లైన్‌లో కొని పంపిన కమ్మీ అట్టపెట్టెలోనే ఉంది. చేతిలోకి తీసుకోగానే దాని తేలికతనం తెలిసింది. ఆంటీ నా ముఖం చూసింది. హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళాం. అక్కడ ఆమె ఒక్కో కమ్మీని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుని చూసింది; నేను సలహా ఇవ్వలేదు. ఆమె ఎంచుకున్నది ఉక్కుదే. స్క్రూలు స్పిరిట్‌లో కడిగి, ఆరబెట్టి, గోడ పలక వెనకుండే నిలువు చెక్క దొరికేదాకా తట్టి చూసి, ఎదురెదురుగా మార్చుకుంటూ బిగించాను. నా బరువంతా వేసి లాగాను. కదల్లేదు. ఆంటీ హ్యాండ్‌బ్యాగ్ తెరిచి కొత్త గోళ్ళరంగు సీసా తీసింది, అదే ఎరుపు. నేను చెయ్యి చాచాను.

"ఇప్పుడు గాదు," అంది. "రేపొచ్చి మళ్ళా బిగించినాక."

"రేపు పొద్దున నాకు ఫ్లైట్ ఉందాంటీ."

"ఉంటే పో."

టికెట్ మార్చుకున్నాను. మర్నాడు పొద్దున వెళ్ళేసరికి ఆమె బాత్రూము గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మొదటి స్క్రూ కదల్లేదు. రెండోదీ కదల్లేదు. మూడోది పావు చుట్టు తిరిగింది. ఆంటీ చూస్తూనే ఉంది. అన్నీ అయ్యాక లేచి వచ్చి సీసా మూత తిప్పింది. బ్రష్ నా చేతికి ఇవ్వలేదు. ఒక్కో స్క్రూ మీదా తనే గీసింది.